గాజుపుల్ల

ఫెర్లో గడ్డి మైదానంలో
పొద్దున ఆరింటికి నా మూడుచక్రాల బండి చప్పుడు వినగానే
ఆడవాళ్ళు సొరబుర్రలు నెత్తిన పెట్టుకుని బయటికొస్తారు.
నా చేతిలో ఒక గాజుపుల్ల.
పాలలో వేస్తే ఊగి ఊగి
ఎక్కడ ఆగుతుందో అదే తీర్పు.
తెల్లనివన్నీ పాలు కావని చెప్పడం
పదకొండేళ్ళుగా నా ఉద్యోగం.

ఒకసారి దిక్కెల్‌ని పట్టుకున్నాను.
నడి ఎండాకాలం, ఆవు వట్టిపోయే రోజులు.
ఒక్క లోటా నీళ్ళు, అంతే.
అందరి ముందూ పుస్తకంలో ఎర్రసిరాతో రాశాను.
ఆమె నన్ను పల్లెత్తు మాటనలేదు.
ఏడాది దాకా నాతో మాట్లాడనూ లేదు.

ఈ నెల మొదటి తారీఖున
డెయిరీ నుంచి కాగితమొచ్చింది, ఫ్రెంచిలో, చాలా మర్యాదగా.
రోజుకి మూడువందల లీటర్లు కాదు, ఇకమీదట నలభై.
మిగతాది రేవులో దిగుతుంది
పాతిక కిలోల సంచుల్లో, పిండిలా.

ఆ సంచులు నేను చూశాను.
వెన్న ముందే తీసేశారు,
దానికి ఇంకెక్కడో మంచి ధర పలికిందట.
వెన్న ఉన్నచోట పామాయిల్.
ఒక వంతు పొడికి ఏడెనిమిది వంతుల నీళ్ళు పోసి గిరగిరా తిప్పితే చాలు,
పాకెట్టు మీద పచ్చిక మొలుస్తుంది,
మెడలో గంటతో ఒక ఆవు నవ్వుతుంది.
ఆ ఆవుకి వాళ్ళ సర్కారు జీతమిస్తుందట.
ఓడ దిగేటప్పుడు నూటికి ఐదు సుంకం,
ఆవు మీద ఈగ వాలినంత.
పెంచుదామని రాజధానిలో ఒకాయన నోరు తెరిచాడట,
పక్క కుర్చీలో అప్పిచ్చినవాడు చిన్నగా దగ్గాడట.
ఇవన్నీ నేను చూసినవి కావు,
లారీ నడిపే బోకార్ చెప్పినవి.
వాడు చెప్పేవాటిలో సగం అబద్ధాలు.
ఏ సగమో తేల్చే పుల్ల నా దగ్గర లేదు.

ఉన్న పుల్లని మాత్రం
దొంగచాటుగా ఆ పాలలో వేసి చూశాను.
సరిగ్గా గీత దగ్గరే ఆగింది.

ఇంకో మాట, దాచడం దేనికి.
మా ఇంట్లో చంటిదానికి కలిపేదీ ఆ పొడే.
చిల్లర పాకెట్టు, వంద ఫ్రాంకులు.
(ఆ ఫ్రాంకు ఎక్కడ అచ్చవుతుందో అడక్కండి.)
దిక్కెల్ పాలు కొలిచేవాడికి
దిక్కెల్ పాలు కొనేంత జీతం లేదు.

నిన్న నలభయ్యో లీటరు
నాలుగో గుడిసె దగ్గరే నిండింది.
దిక్కెల్‌ది పదమూడో గుడిసె.
ఇంజను ఆపకుండానే చెప్పాను, వద్దని.
"నీళ్ళు కలిపానా?"
"లేదు."
"పుల్ల వేసి చూడు."
"అక్కర్లేదు."
"వెయ్యి."

వేశాను.
నురగ ఇంకా వెచ్చగా ఉంది, పొగవాసన, కాస్త గడ్డివాసన.
పుల్ల నిటారుగా నిలబడింది
బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా.
రాయమంది.
పాత ఎర్రగీత కిందే, ఆమె వేలు చూపించినచోట
నల్లసిరాతో రాశాను:
స్వచ్ఛం. కొనలేదు.

అప్పుడు ముళ్ళకంచె లోపలికి వెళ్ళి
గోధుమరంగు దూడకి తాడు విప్పింది.
దూరం నుంచే ఎముకలు లెక్కపెట్టొచ్చు దానివి.
బుర్ర దాని మూతి కింద పెట్టి
"నీ దగ్గర తెచ్చిందే, తీసుకో" అంది పులార్‌లో,
పాత బాకీ తీర్చే మనిషి గొంతుతో.

దూడ తాగుతున్న చప్పుడు
ఇంజను మోతలో కూడా వినిపించింది.

నా బండిలో ఒక డబ్బా నిండుగా, ఏడు ఖాళీగా.
ఇంకా పదకొండు గుడిసెలు.
ఒక్కో గుమ్మం ముందూ
బుర్ర నెత్తిన పెట్టుకుని
ఎవరో ఒకరు నిలబడే ఉన్నారు.