సంగటి కొలత

కనకవల్లమ్మ అంబాసిడర్‌కి గేరుకడ్డీ
స్టీరింగు మెడ పక్కన ఉండేది.
రెండో గేరు పళ్ళు అరిగి అరిగి
ఒకరోజు గాంధీ రోడ్డు మధ్యలో నమిలి ఊసేసింది.
ఆ పెట్టెకి పళ్ళచక్రాలు చిత్తూరులో లేవు,
వేలూరులో లేవు,
"ఉండాయి, రేపు రా" అన్నవాడి కాడా లేవు.

తుక్కులో పడిన టాక్సీ నుంచి
ఐదు గేర్ల పెట్టె దించుకొచ్చినాను.
బోల్టులు కలిసినాయి. క్లచ్ పట్టింది.
షాఫ్టు నాలుగు వేళ్ళు కోసి
ఏకాంబరం లేతు మీద తూకం చూసిచ్చినాడు.
కడ్డీ మాత్రం ఈసారి నేలలోనుంచి లేచింది.

మధ్య గట్టు రేకు కోసి దానికి దారిచ్చినాను.
ఒకటి పడింది. మూడు పడింది.
రెండుకి లాగితే సీటు అంచుకి గుద్దుకుంది.
నాలుగుకి లాగితే రెగ్జిన్‌లో దిగబడి
సగంలో నిలిచిపోయింది,
చెప్పులు విప్పాలా వద్దా అని
వాకిట్లో ఆగిన చుట్టం మాదిరి.

"సీటు మధ్యలో జానెడు కోసేద్దామమ్మా."
"సీటు ముట్టుకోవద్దు వజీరూ."
"ఎందుకమ్మా?"
"మధ్యలో మనిషి కూర్చోవాల."

ఎవరని అడగలేదు.
ముప్పై ఏళ్ళు నర్సు ఆమె.
సీటెత్తితే స్ప్రింగుల కింద దొరికినాయి:
ఎర్రగాజు ముక్క, పాలపీక, గుడిపాల బస్సు టికెట్టు.
దులిపి మళ్ళీ అక్కడే పెట్టేసినాను.

ఇక వంగాల్సింది కడ్డీయే.
ఏకాంబరం దాన్ని ఎర్రగా కాల్చి
ముందుకొకసారి, పైకొకసారి వంచినాడు,
కొంగ మెడ అయింది.
సీటుకీ కడ్డీకీ మధ్య చిటికెన వేలు దూరింది.
చెంగల్రాయుడి వేలు. నాది దూరలేదు.

మొగిలి ఘాటులో, మూడో గేరులో,
కాలు అదిమినప్పుడు
కడ్డీ ఠక్కున జారి నడిమికొచ్చేసింది.
ఇంజను ఉట్టినే అరిచింది.
వెనక ఖాళీ టమాటా క్రేట్ల లారీ హారను.
ఆమె ఎడమచెయ్యి అలవాటుగా స్టీరింగు మెడ కాడికి పోయి
గాలిని పట్టుకుని వచ్చింది.

షెడ్డులో చూస్తే ఏదీ దేనికీ తగలదు.
మూడు రోజులు బండి కింద పడుకున్నాను.
నాలుగో రోజు క్యారియరు విప్పినాము,
రాగి సంగటి, ఊరిబిండి.
ముద్ద మీద చెంగల్రాయుడి వేళ్ళ అచ్చులు,
ఏ వేలు ఎంత నొక్కిందో అంతా రాసిపెట్టినట్టు.

వాడి చేతిలోది లాక్కుని
గోలీలంత నాలుగు ఉండలు చేసి
రేకు బొక్క చుట్టూ అంటించినాను.
"బండికి ఆకలేసిందా అన్నా?" అన్నాడు వాడు.

మళ్ళీ ఘాటు. మళ్ళీ మూడు.
జారింది. ఈసారి జారాలనే పోయినాము.
ముందు ఉండ ఉండినట్టే ఉంది.
వెనకదీ అంతే. ఎడమది చెక్కుచెదరలేదు.
కుడిపక్కది మాత్రం
అట్టుకన్నా పల్చనై రేకు కనిపిస్తా ఉంది.

నేను కొలత తీసింది నిలబడ్డ బండికి.
బరువెత్తుకుంటే ఇంజను ఒక పక్కకి ఒరుగుతుంది,
చంకన బిందె ఉన్న మనిషి నడుము మాదిరి.
కింది రబ్బరు దిండ్లు చూస్తే
వానకి తడిసిన బెల్లం.
దిండ్లు మార్చి, కుడి అంచు అర అంగుళం కోసి,
పదును తగలకుండా మడిచి కొట్టినాను.

కడపటిసారి పోతా ఉంటే బంగారుపాళ్యం కాడ
బుట్ట పెట్టుకుని ఎవరో ఆడమనిషి.
కనకవల్లమ్మ బ్రేకేసింది. "ఎక్కు."
ఎక్కి మధ్యలో కూర్చునింది,
కడ్డీకి అటొక కాలు, ఇటొక కాలు.
బుట్ట నా ఒళ్ళో.
"మోకాలు" అంటుంది కనకవల్లమ్మ రెండుకి లాగేటప్పుడు.
ఆమె జరుపుతుంది.
ఘాటు సగం ఎక్కేసరికి
అనకముందే జరుపుతా ఉంది.

ఎడమ అంచున ఆ ఉండ అట్లే ఎండిపోయింది.
గీకలేదు నేను.
చీమలొస్తాయని చెంగల్రాయుడి గొణుగుడు.