పాతవి తిరిగి ఇచ్చినచో

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు గానీ
రొయ్యల పడవకు ఇంజన్లు మార్చి చూడమని
ఎవరూ అనలేదెందుకో.

మా పడవ పేరు సావ్ మాయ్, అంటే వేగుచుక్క.
ముప్పై ఎనిమిదేళ్లది.
బయూ లా బాట్రే రేవులో ఆ పేరు ఎవరూ చదవరు,
పొగ చూసి పోల్చుకుంటారు.
ఎడమ ఇంజనుది నల్లపొగ, కుడిదానిది తెల్లపొగ.
"మీ ఇంట్లో సయోధ్య లేదు" అని నవ్వేవాడు
మెకానిక్ డెల్మస్.

కొత్తవాటి ధర విని ఖియెమ్
టోపీ తీసి లోపలికి చూసుకున్నాడు,
అక్కడేదో రాసి ఉన్నట్టు.
చివరికి మేం కొన్నవి
కొత్తవీ కావు, పాతవీ కావు.
విప్పి, మరిగే తొట్టిలో ముంచి,
అరిగినచోట తరిమెన పట్టి
కొత్త పిస్టన్లు, లైనర్లు, బేరింగులు వేసి
మళ్లీ రంగు కొట్టిన డీజిళ్లు.
రశీదు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఒక షరతు:
పాతవి తిరిగి ఇచ్చినచో
ఒక్కోదానికి మూడు వేల డాలర్లు వాపసు.

డెక్కు కోశారు.
క్రేను గొలుసుకు వేలాడుతూ
చమురు కార్చుకుంటూ బయటికొచ్చింది ఎడమది.
దాని కింద మడ్డిలో నా దువ్వెన!
తొంభై ఎనిమిదిలో పోయింది.
నువ్వే పారేశావని
రెండు రోజులు ఖియెమ్‌కి అన్నం పెట్టలేదు నేను.
అతను దాన్ని తుడిచి, ఏమీ అనకుండా
నా చేతిలో పెట్టాడు.
అనుంటే బాగుండేది.

ఇంజన్లు లేని ఆ వారమంతా
పడవ జానెడు పైకి తేలింది.
నీటిగీత కింద ఎన్నడూ ఎండ చూడని ఎర్రరంగు బయటపడింది.
అటు చూడాలంటే నాకెందుకో మొహమాటంగా ఉండేది.

కొత్తగా వచ్చినదాని దిమ్మ మీద, రంగు కింద,
పంచితో కొట్టిన మూడక్షరాలు తగిలాయి వేలికి.
"ఎవరిదో," అన్నాడు డెల్మస్,
"ఏ టగ్‌బోటుదో, ఏ ఆసుపత్రి జనరేటరుదో."

ఆ రాత్రి పాతదాని పక్కన కూర్చున్నాను.
దీన్ని కొనబోయేవాడికి ఒక మాట రాద్దామని.
సుద్దతో రాస్తే తొట్టిలో పోతుంది,
అందుకని సుత్తి, పంచి అరువు తెచ్చుకున్నాను.
చలిపొద్దున తొందరపెట్టకు, అని రాయనా?
మూడో సిలిండరు దగ్గింది తర్వాత సర్దుకుంటుంది, అనా?
ఆలోచిస్తే
నాకు తెలిసినవన్నీ దాని జబ్బులే.
అవన్నీ కడిగేస్తారు, మార్చేస్తారు.
మిగిలే ఇనుము గురించి
నాకు తెలిసింది ఒక్క ముక్క లేదు.
సుత్తి దించేసి, ఇంటికెళ్లి పడుకున్నాను.
తెల్లారి లారీ వచ్చేలోపు మళ్లీ పరిగెత్తి
ఒక చిన్న చుక్క కొట్టొచ్చాను. వంకరగా వచ్చింది.

అదే జాతివి కాబట్టి
పాత బోల్టు రంధ్రాల్లోనే కూర్చున్నాయి రెండూ.
షాఫ్టు దగ్గర కాగితం మందం తేడా ఉన్నా
డెల్మస్ ఒప్పుకోలేదు; రెండు రోజులు పట్టింది,
వాడి బూతులన్నీ నాకు నోటికొచ్చేశాయి.

డాఫిన్ దీవి వంతెన దాటాక
పద్దెనిమిది వందల చుట్లకు పెంచాం.
"ప్రెషరెంత?" అని అరిచాడు ఖియెమ్.
"అరవై!" అని అరిచాను.
ఇద్దరం ఉలిక్కిపడ్డాం.
అతను నాలుగడుగుల దూరంలో ఉన్నాడు.
ముప్పై ఏళ్లు ఆ రొదలో
ఉప్పు అందించమన్నా, బిడ్డకు జ్వరమన్నా
గొంతు చించుకునే చెప్పుకున్నాం.
తిరుగుదారిలో ఇక నోరు విప్పలేదు ఇద్దరం.
విప్పితే వినబడుతుంది.

రేవులో ఐసు కొట్టు వీడా
మా ఐసు సిద్ధం చెయ్యలేదు.
పొగ కనబడలేదంది.
కళ్లజోడు పెట్టుకుని, గట్టు చివరిదాకా వచ్చి,
వేలితో ఒక్కో అక్షరం పట్టుకుంటూ
మా పడవ పేరు చదివింది.
తప్పు చదివింది.
ఖియెమ్ సరిదిద్దాడు, మెల్లగా.