తనిఖీ చీటీ

ముప్ఫై ఒక్క ఏళ్లు ధాన్యం లారీలు తూచాను.
నిండుగా వచ్చినప్పుడొకసారి, ఖాళీగా వెళ్లేటప్పుడొకసారి.
ఆ రెంటి మధ్య తేడాయే రైతు బతుకు.

ఏటా జూన్‌లో రాష్ట్రం పంపిన మనిషి వచ్చేవాడు.
ఇనుప గుండ్లు దించి, నా కాటా మీద పెట్టి,
వంగి ముల్లు చూసి
అంతా సరిగ్గా ఉంటే పచ్చ చీటీ ఒకటి అతికించి వెళ్లేవాడు.
నన్ను అనుమానిస్తున్నాడని ఎన్నడూ అలగలేదు.
కాఫీ ఇచ్చేదాన్ని.

రిటైరయ్యాక, నెబ్రాస్కా గాలి టోపీలు ఎగరేసే ఒక మార్చి పొద్దున
కారు పన్ను కట్టడానికి కౌంటీ కోర్టు భవనానికి వెళ్లి
పొరపాటున రెండో అంతస్తులో ఓ తలుపు తోశాను.
పైన జడ్జి ట్రూస్‌డేల్.
కింద ఒక తల్లి, ఒక తండ్రి,
వాళ్ల మధ్య కాగితాల్లో ఆరేళ్ల పిల్లాడు.
వెనక్కి తిరగబోయి, ఎందుకో కూచున్నాను.

నాలుగు నిమిషాలు.
వాచీ చూసుకున్నాను, పాత అలవాటు.
లారీడు మొక్కజొన్నలకు నాకు ఆరు పట్టేది.

మర్నాడు నోటుబుక్కు కొన్నాను.
మంగళ, గురువారాలు వెనక బెంచీ నాది.
తొమ్మిదికి రమ్మన్న కేసు పది దాటాక పిలిచారు.
నానమ్మ ఒకావిడ రెండొందల మైళ్లు బండి నడిపి వస్తే
వాయిదా, కారణం చెప్పలేదు.
మారిసోల్ మాంసం ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి
రబ్బరు బూట్లతోనే వచ్చింది. దుబాసీ రాలేదు.
"అర్థమైందా?" అన్నాడు జడ్జి. తలూపింది.
ముల్లు ఊగుతుండగా అంకె వేయకూడదని
కాటా దగ్గర మొదటిరోజే నేర్పుతారు.
ఆయన వేసేశాడు.

(మారిసోల్ అన్నది నేను పెట్టిన పేరు.
అసలు పేరు పుస్తకంలో కూడా లేదు.
పిల్లల పేర్లు రాయను, ఏడ్చినవాళ్లవీ రాయను.
మెట్ల మీద శాపనార్థాలు అసలే రాయను:
ఓడినవాడికి ఏ జడ్జయినా దుర్మార్గుడే.)

మే నెలలో ఆయన కళ్లజోడు మీదుగా చూశాడు.
"ఆ వెనకావిడ ఎవరి తరఫు?"
లేచి నిలబడ్డాను. మోకాళ్లు టకటకమన్నాయి.
"ఎవరి తరఫూ కాదండీ. ఆర్డిత్ వోసికా.
ఈ గదికి కరెంటు బిల్లు కట్టేవాళ్లలో ఒకదాన్ని."
రాయకూడదన్నారు. ఏ రూల్లో ఉందో చూపించమన్నాను.
గుమస్తా నాదీన్ రెండు వారాలు వెతికింది.
దొరకలేదు. పెన్సిలు సాగింది.
ఆయన నాకు కాఫీ ఇవ్వలేదు.

లింకన్‌లో ఫిర్యాదుల సంఘానికి నలభై పేజీలు పంపాను.
రెండు లైన్ల జవాబు, అందులో ఒకటి నా అడ్రసు.
లైబ్రరీలో సమావేశం పెడితే ఏడుగురొచ్చారు,
ఒకాయన బిస్కెట్ల కోసం.

కష్టమైన రోజు అది కాదు.
అక్టోబర్లో ఒక గురువారం
ట్రూస్‌డేల్ కేసు మధ్యలో ఆపేసి, ఫోనులో దుబాసీని పిలిపించి,
ఒక తండ్రి నంగినంగిగా చెప్పేదంతా
యాభై నిమిషాలు విన్నాడు.
చివర్లో, "మొన్న నేనిచ్చిన ఆర్డరు తప్పు," అన్నాడు.
గది అంతా నిశ్శబ్దం.
నా పెన్సిలు కదలలేదు.
అప్పటికే ఆయన్ని లోపలే తూచేసి, చీటీ చించేసి ఉన్నాను.
గుండ్లు మోసుకొచ్చిన మనిషి
కాటా తప్పుండాలని కోరుకుంటే
ఇక ఆ గుండ్లను ఎవరు తూచాలి?
రాశాను. యాభై నిమిషాలు. తప్పు అన్నాడు.
కింద గీత కూడా గీశాను.

నవంబర్ బ్యాలెట్లో అన్నిటికన్నా అడుగున:
ఈ జడ్జిని కొనసాగించాలా? అవును, కాదు.
జనం అక్కడికి వచ్చేసరికి అలిసిపోతారు.
నూటికి పాతిక మంది ఆ గడి ఖాళీగా వదిలేశారు.
నేను వదల్లేదు. ఏది నింపానో చెప్పను.
ఆయన గెలిచాడు.

తర్వాతి మంగళవారం మంచు.
వెనక బెంచీలో నా పక్కన ఆ బిస్కెట్ల ఆయన,
చేతిలో కొత్త నోటుబుక్కు, ధర చీటీ ఇంకా పీకలేదు.
తలుపు తెరుచుకుంది, అందరం లేచాం.
జడ్జి గోడ గడియారం వైపు చూశాడు,
తర్వాత మా వైపు.

తొమ్మిదీ రెండు.