ఒకటి కాదు, రెండు కాదు

మా వాళ్ళు మనుషుల్ని లెక్కపెట్టరు.
పెడితే దిష్టి.
అందుకే నాయనమ్మ వేలు చూపించకుండా
గడ్డం మాత్రం ఒక్కొక్కరి వైపూ ఎగరేస్తూ
ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు అనేది.
కాదంటే మా లెక్కలో అవును.

డిసెంబరు. శుక్రవారం.
మూడు గంటలకే రేవు మీద చీకటి దిగిపోతుంది.
ప్రార్థనాలయం తాళంచెవి నాది,
కాఫీ కెటిల్ నాది, ఉప్పుచేపల జాడీ నాది.
పదిమంది మగవాళ్ళు చేరితే గాని
ఇక్కడ కొన్ని మాటలు పైకి అనకూడదు.
ఎవరెవరు వచ్చారో చూసేది నేను.
నన్ను ఎవరూ చూడక్కర్లేదు.

మౌరిట్స్ వచ్చాడు, తొంభై దాటినవాడు,
చేతికర్రతో మంచును తిడుతూ. ఒకటి కాదు.
రూబెన్, తుంటి ఆపరేషను తర్వాత మొదటిసారి. రెండు కాదు.
హైఫా నుంచి ఒక ఫిన్నిష్ పిల్ల వెనకాల వచ్చి
ఆ పిల్ల వెళ్ళిపోయినా ఉండిపోయిన గిలాద్. మూడు కాదు.
పళ్ళ డాక్టరు, ఆయన బావమరిది,
ఇద్దరి మధ్యా ఒక కుర్చీ, పదకొండేళ్ళ మౌనం.

ఈ ఊరికి మమ్మల్ని తెచ్చింది దేవుడు కాదు, జారు చక్రవర్తి.
మా ముత్తాత తండ్రి లైబ్‌ని
పన్నెండో ఏట అమ్మ కొంగులోంచి లాక్కుపోయి
ముందు డ్రమ్ము ఇచ్చారు, తర్వాత తుపాకి.
పాతికేళ్ళ కొలువు. ఆ పాతిక కూడా
పద్దెనిమిదో ఏటి నుంచి మొదలట.
మధ్యలో ఆరేళ్ళు ఎవరి ఖాతాలోనూ లేవు.
వదిలేసిన రోజు చేతిలో ఒక కాగితం:
ఈ ఊళ్ళో ఉండొచ్చు, పాతబట్టలు అమ్ముకోవచ్చు,
కొత్తవి కూడదు.
ఆయన కొత్త కోటు కొని, ఒక్కసారి తొడిగి,
వీధి చివరిదాకా నడిచొచ్చి
పాతకోటని అమ్మేవాడట.
మా ఇంటి మొదటి జోకు అది. యిద్దిష్‌లో పుట్టింది.
ఫిన్నిష్‌లో చెబితే సగం నవ్వు దారిలో పడిపోతుంది.

ఆరు కాదు: హన్ను. పుట్టుక లూథరన్.
అందరికన్నా ముందొచ్చి, అందరికన్నా మెల్లగా చదువుతాడు.

మౌరిట్స్ వాళ్ళన్న ఆ యుద్ధంలో ఫిన్లండు సైనికుడు.
ఎదురుగా రష్యన్లు. పక్క గుడారంలో జర్మన్లు.
నరికిన మాను మీద ప్రార్థన పుస్తకం తెరిచి ఉండగా
ఒక జర్మన్ వంటవాడు ఉప్పు అడగడానికొచ్చి అక్షరాలు చూశాడు.
ఏం భాష అన్నాడు.
పాతది అన్నాడు అన్న.
ఉప్పు ఇచ్చి పంపాడు. అంతే కథ.
ఇవ్వాల్సిందా, మానాల్సిందా అని
ఎనభై ఏళ్ళుగా ఆ ఇంట్లో తగువు.
ఇవాళా మౌరిట్స్ ఉప్పుచేప అందుకోబోయి
ఒక క్షణం ఆగాడు.

ఏడు కాదు, ఎనిమిది కాదు, తలుపు దగ్గర
కొత్త కాపలావాడికి సంచులు తెరిచి చూపిస్తున్నారు.
తొమ్మిది కాదు: క్రేను దిగి నేరుగా వచ్చినవాడు,
గోళ్ళలో ఇంకా గ్రీజు.

పదో కుర్చీ యోఖిమ్‌ది.
పోయిన నెల నేల గడ్డకట్టి గునపం దిగకపోతే
రాత్రంతా బొగ్గులు రాజేసి మెత్తబరిచి పూడ్చాం.
జూన్‌లో పోయుంటే సులువుగా ఉండేది.
అయితే జూన్‌లో ఇంకో తంటా:
మూడు నక్షత్రాలు కనబడితే గాని మా శనివారం అయిపోదు,
ఇక్కడ జూన్‌లో ఒక్కటీ కనబడదు.
యోఖిమ్ ఆకాశాన్ని నమ్మక
గోడ గడియారం కేసి చూస్తూ కూర్చునేవాడు.

కిటికీ దగ్గర రూబెన్ మనవడు తోబియాస్
అద్దం మీద ఆవిరి ఊది బొమ్మలేస్తున్నాడు.
పదమూడు నిండడానికి ఇంకా పదకొండు రోజులు.
జారు పన్నెండుకే లెక్కలో వేసుకున్నాడు.
దేవుడు ఆగుతాడు.
దేవుడి మీద నాకున్న కొద్ది నమ్మకంలో
ఇదొకటి.

ఎవరికైనా ఫోన్ చెయ్యాలంటే ఇప్పుడే చెయ్యాలి,
దీపం వెలిగించాక ముట్టకూడదు.
ఎవరికి చెయ్యాలో ఎవరికీ తోచలేదు.
బావమరిది దగ్గాడు. డాక్టరు నీళ్ళ గ్లాసు అటు జరిపాడు,
మాట లేదు.

తోబియాస్ ఇటు తిరిగాడు.
మా నాయనమ్మలాగే, ఎవరు నేర్పారో,
గడ్డం ఎగరేస్తూ మొదటి నుంచీ మొదలుపెట్టాడు:
ఒకటి కాదు, రెండు కాదు...
తాతని దాటాడు, క్రేను మనిషినీ దాటాడు,
కెటిల్ పట్టుకుని నిలబడ్డ నా దగ్గర ఆగి
పది కాదు, అన్నాడు.