గీత కింద

వారం పాటు తరగతిలో ఒకటే పాఠం:
లవం చూసి బెదిరిపోకు,
గీత కింద ఎవరున్నారో అడుగు.

మలావీ సరస్సు ఒడ్డున, కలరా వాడలో
మంచం పట్టిన పదకొండు మందిని
తియమికె రాసేసుకుంది.
ఇక ఏమీ కానివాళ్ల తలుపులు తట్టాలి.
అదే కష్టం. బాగున్నవాళ్లకి తీరిక ఉండదు.

ఉసిపా చేపలు ఆరబోస్తూ
ముసలామె నవ్వింది:
"ఎందుకు బతికున్నావని
నన్నడిగింది నువ్వే మొదలు."

చావింట్లో భోజనం చేశారా?
"నేనా! ఆ పోయినవాడితో
ఒక వల కోసం ఇరవయ్యేళ్ల పగ నాది."

ఫారంలో పగకి గడి లేదు.
'తినలేదు' దగ్గర టిక్కు పెట్టింది.

ముసలామె చెంబుతో నీళ్లిచ్చింది.
ఎండ మండుతోంది. గొంతు పిడచకట్టింది.
అయినా చెంబు ఎత్తబోయి ఆగి,
సిగ్గుపడుతూనే అడిగింది:
ఎక్కడివమ్మా ఇవి?