ఒత్తు కోసం వదిలిన చోటు

హీయుమా దీవిలో ఫిబ్రవరి.
సముద్రం గడ్డకట్టి రోడ్డయింది.
నీటి మీద రాత నిలబడే కాలం
ఏడాదికి మూడు వారాలు, అదీ చలి దయతలిస్తే.
మంచు దారి మీద సీటు బెల్టు పెట్టుకోకూడదు.
అక్కడి రూలు అది, విరిగితే దూకడానికి.

పంచాయతీ ఆఫీసు వెనక గదిలో మైము
పాత పేజీల మొదటి వరస మారుస్తోంది.
నిన్నటిదాకా అక్కడ ట్రాన్సిషనల్ అని ఉండేది.
అంటే చూసీ చూడనట్టు పోదామని ముందే ఒప్పందం.
ఫాంట్ ట్యాగు ఉన్నా సరే, సెంటర్ ఉన్నా సరే,
అలవాటు ఇంకా పోలేదు పాపం, అనడం.
ఇవాళ్టి నుంచి స్ట్రిక్ట్.
ఒక్క మాట మార్చింది.
తనిఖీ నలభై మూడు తప్పులు పట్టింది,
అన్నీ ఒకే పేజీలో.

మునిగిపోయిన జాలర్ల పేజీ అది.
తొంభై ఎనిమిదిలో ఎండెల్ కట్టాడు,
పగలు బడిలో ఫిజిక్స్ చెబుతూ, రాత్రిళ్ళు.
నల్లటి వెనకతెర, తెల్లటి అక్షరాలు, అన్నీ నడిమధ్యకి.
పేర్లు ఏ పేరాలోనూ లేవు, ఏ జాబితాలోనూ లేవు,
బాడీలో నేరుగా
ఒంటి మీద బట్ట లేకుండా తేలుతున్నాయి.
స్ట్రిక్ట్ ఒప్పుకోదు.
మాటన్నాక దానికో ఇల్లుండాలంటుంది.
ఎలా కనపడతావో తర్వాత,
ముందు నువ్వెవరో చెప్పమంటుంది.

ఫోను చేస్తే ఎండెల్ థర్మాస్‌తో వచ్చాడు,
బూట్ల మంచయినా దులపకుండా.
"ఇది జాబితానా?"
"పేర్లు."
"అంకెలు వేసేదా, చుక్కలు పెట్టేదా?"
అంకెలంటే ఎవరు ముందో తెలియాలి.
ఒకే పడవలో ముగ్గురు. ఎవరు ముందు?
చుక్కలంటే, "సరుకుల చీటీలా ఉంటుంది" అన్నాడు.
"మరి సెంటర్ ఎందుకు పెట్టారు?"
థర్మాస్ మూత చాలాసేపు తిప్పాడు.
"ఎడమకి పెడితే
కుడివైపంతా సముద్రమే కనపడింది."

దానికి ట్యాగు లేదు.

మైము ఒక్కో పడవకి ఒక పేరా ఇచ్చింది,
పడవ పేరు శీర్షిక.
నడిమధ్య సంగతి స్టైల్ షీటుకి అప్పజెప్పింది,
ఏడుపుని పక్కగదిలో కూర్చోబెట్టినట్టు
వేరే ఫైల్లో.

తప్పులు సున్నా.
కానీ పట్టికలో అంటుకుని ఉన్న పడవల ఫొటోలు
విడిపోయాయి.
ఒక్కోదాని కిందా సన్నటి నల్ల సందు, నాలుగైదు పిక్సెళ్ళు.

ఫొటోని కూడా అక్షరమే అనుకుంటుంది స్ట్రిక్ట్.
అక్షరం గీత మీద కూర్చుంటుంది,
గీత కింద జె తోకకీ పి కాలికీ చోటుండాలి,
మన దగ్గరైతే ఒత్తుకి.
అక్కడ అక్షరం లేదు. రాదు కూడా.
అయినా చోటు వదులుతుంది.

ఒక్క లైను రాస్తే మూసుకుపోతుంది.
రాయబోయింది.
ఎండెల్ వద్దనలేదు.
మూడో ఫొటో కింది సందుని వేలితో తాకి,
"మా రైవోకి ఈత వచ్చు" అన్నాడు.

ఆమె ఆ లైను రాయకుండానే సేవ్ చేసింది.

వెళ్తూ వెళ్తూ అడిగాడు,
మంచు దారి ఇంకా తెరిచే ఉందా అని.
ఉందట,
రెండు టన్నుల లోపు బండ్లకి.