నెయ్యి డబ్బా

ఆత్రేయపురంలో పూతరేకుల వాళ్ళని
అడిగి తెచ్చుకున్న రెండు కేజీల నెయ్యి డబ్బా.
వేణ్ణీళ్ళతో మూడుసార్లు తోమినా
మూత తీస్తే ఇంకా పెళ్ళి భోజనమే.

ఇరవై రెసిస్టర్లు. ఒక్కోటి వెయ్యి ఓములు.
రాజమండ్రిలో పాతసామాన్ల కొట్టువాడు
తీగ చుట్టినవి అంటగట్టబోతే
"అవి కాదయ్యా, కార్బన్‌వి" అని
తూకానికొచ్చిన గుట్టలో గంటన్నర ఏరాను.
రెండు రాగిరేకుల మధ్య వరసగా నిలబెట్టి
నలభై చోట్ల టంకం వేశాను,
చత్వారం కళ్ళద్దాలు చెమటకి జారుతుంటే.
మన ఏరు పాయలుగా చీలినట్టే ఇదీను.
ఒక్కడివల్ల కాని బరువు
ఇరవైమంది తలో కాస్త మోస్తే
మీటరు యాభై దగ్గర నిలబడింది.
యాభై ఒకటి, నిజం చెప్పాలంటే.

నూనె లైన్‌మన్ అప్పలస్వామి పోశాడు,
ట్రాన్స్‌ఫార్మరు అడుగున మిగిలింది,
ఎవరితో అననని ఒట్టు వేయించుకుని.

తుఫాన్ల నెల దగ్గరపడింది. ఉప్పుగాలికి
డాబా మీద ఏంటెన్నా జాయింట్లు పచ్చబడ్డాయి.
ఊరి గాలిని కదపకుండా సెట్టు చూసుకోవాలంటే
ఇలాంటి మూగది ఒకటి ఉండాలి.
ఎంత చెప్పినా తాగేసి, వెచ్చబడి ఊరుకుంటుంది.
ఒక్క వాటు కూడా తిప్పికొట్టదు.

రాత్రి పదింటికి మైకు నొక్కాను.
ఒకటి, రెండు, మూడు. వెనక్కొచ్చే సూది లేవలేదు.
ఒకటి, రెండు, మూడు.
ఎంతసేపని అంకెలు?
ఎవరూ వినరు కదా అని
"గంగాచలం" అన్నాను.
"నీ రొయ్యల చెరువు ఉప్పు నా చేలోకి దిగింది, అది నిజం.
పంచాయితీలో మీ నాన్న పేరెత్తాను చూడు,
అది నా తప్పు."

నూనె వేడెక్కి నెయ్యి వాసన లేచింది.
ఎక్కణ్ణుంచో పిల్లి వచ్చి డబ్బా చుట్టూ తిరిగింది.
చెయ్యి ఆనించి చూశాను,
జొరం తగిలిన పిల్లాడి నుదురంత.

మైకు వదిలాను. స్పీకర్లో గరగర.
ఏంటెన్నా తగిలించలేదు, అయినా
కాలవ అవతలి గట్టు నుంచి,
రెండొందల గజాల దూరాన్నుంచి,
నాలుగేళ్ళుగా నా పిలుపుకి పలకని గొంతు.
"మూత సరిగ్గా పడలేదు నీ డబ్బాకి.
కారుతోంది.
మూడు బై ఒకటి. సన్నగా ఉంది."

కాసేపు ఏమీ లేదు. కప్పలు.

"ఇంకోసారి చెప్పు.
పరీక్షకే."

స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది.
మూత బిగించలేదు.